కిటికీకి కొట్టిన రేకు

మావయ్య పోయారన్న కబురు నాకు మొదట చెప్పింది సత్తిబాబు. మావయ్య ఊరివాడే, గుడ్ల లారీ తోలతాడు. సామర్లకోటలో మా ఇంటి మీదుగానే అతని దారి. ఎప్పుడూ హారన్ కొట్టి చెయ్యూపి పోయేవాడు, ఆ రోజు లారీ పక్కకి ఆపి దిగాడు. చెప్పులు గుమ్మం అవతల విడిచి లోపలికొచ్చాడు.

"మీ మావయ్యగారు పోయారండి," అన్నాడు.

"ఎప్పుడు నాయనా?"

"మొన్న తెల్లారగట్లండి. కోళ్ళ షెడ్లలో లైట్లు ఎలగలేదంట. ఇదేంటి, ఎన్నడూ లేందని మేస్త్రి ఇంట్లోకెళ్ళి చూస్తే, స్విచ్చిబోర్డు కింద కుర్చీలో అలా కూచునే ఉన్నారంటండి."

"టైమర్ పెట్టించుకోలేదా ఇంకా?"

"ఆయనచేత ఎవరు పెట్టించగలరండీ? ఊళ్ళో ఫారాలన్నిటికీ టైమర్లే. ఈయన మాత్రం పొద్దు తన చేత్తోనే పొడవాలనేవారు కదా." కాఫీ గ్లాసు అందుకుని, నవ్వు ఆపుకోలేక అన్నాడు: "ఆయన పోయినట్టు ఇంట్లోవాళ్ళ కంటే ముందు కోళ్ళకి తెలిసిపోయిందండి. ఆ పూట చీకట్లో ఉండిపోయాయా, గుడ్లు అప్పుడే తగ్గిపోయాయి."

దేవుడి గదిలోకి వెళ్ళి ఆయన పేరున ఒక ఒత్తి వేరే వేసి వెలిగించాను. నన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని అక్షరాలు దిద్దించిన మనిషి ఆయన. నాన్న పోయాక అమ్మ నన్ను తణుకు అవతల ఉన్న అన్నగారింట్లో దింపి వెళ్తే, ఎవరూ అడక్కుండానే అన్నం పెట్టారు, బట్టలు కుట్టించారు, చదువు చెప్పారు. నేను బడి గుమ్మం ఎక్కలేదు. అత్తయ్యకి చూపు పోయింది, పగలంతా ఆవిడ పక్కన ఒక మనిషి ఉండాలి, ఆ మనిషిని నేను. అందుకని బడినే ఇంటికి తెస్తానన్నారు మావయ్య, తెచ్చారు. ఈ రోజు నేను ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే. ఏ పూట దణ్ణం పెట్టుకున్నా ఆ సంగతి మర్చిపోను.

మనిషి పొట్టి. పంచె మోకాళ్ళ పైకి కట్టి, జేబులో ఎప్పుడూ ఒక టార్చిలైటు పెట్టుకునేవారు. మిట్టమధ్యాహ్నం కూడా. పేపరు చదువుతున్నా, భోంచేస్తున్నా, ఎడమ చేతి రెండు వేళ్ళు కొద్దిగా ఎడంగా చాచి ఉండేవి. అది షెడ్డులో పట్టుబడిన అలవాటు. పెట్టని కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి, తోక కింద ఉండే రెండు ఎముకల మధ్య ఆ వేళ్ళు పెట్టి చూసేవారు. వేళ్ళు పడితే గుడ్డు పెట్టే పెట్ట, మళ్ళీ బోనులోకి వెళ్ళేది. పట్టకపోతే కోతకి పోయే బుట్టలోకి. బుట్టలో పడేసినదానికేసి రెండోసారి చూడడం నేనెరగను.

కోడి తలమీద ఎర్రటి తురాయి ఉంటుంది కదా, గుడ్డు మానేస్తే అది పాలిపోతుంది. మావయ్య మనుషుల్ని కూడా ఆ లెక్కనే చూసేవారు. పనిలోకి కొత్తగా ఎవరొచ్చినా పేరు అడక్కుండా కింది కనురెప్ప లాగి చూసి, "ఎర్రగానే ఉంది, ఉండనీ," అనేవారు. ఊళ్ళో ఎవరైనా జబ్బుపడి లేస్తే పలకరించడానికి వెళ్ళి, మంచం పక్కన నిలబడి, "తురాయి తెల్లబడిందిరా," అనేసి వచ్చేసేవారు. వాళ్ళింట్లో ఆ పూట ఎవరికీ ముద్ద దిగేది కాదు.

ఆయనకి రెండు మాటలుండేవి. ఒకటి, "వెలుగు పెంచాలే గానీ తగ్గించకూడదు." పొద్దు ఎక్కువున్నంత కాలం పెట్ట గుడ్డు పెడుతుందని, చలికాలం పొద్దు కుంగిపోతే ఆ లోటు బల్బులతో పూరించాలని దాని అర్థం. రెండోది, "కోడికి పొద్దు మనమే." ఆ మాట అన్నప్పుడు నాకెందుకో భయం వేసి లోపల్లోపల దణ్ణం పెట్టుకునేదాన్ని.

గుడ్డు సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆయన మొహం వెలిగిపోయేది. "పెట్ట పగలంతా తింటుంది అమ్మాయ్. చీకటి పడ్డాక, గింజ లేనప్పుడు, తన ఎముకల్లోంచి సున్నం తీసి గుడ్డు చుట్టూ పెంకు కడుతుంది. తెల్లారాక పెడుతుంది. మళ్ళీ వెలుగు, మళ్ళీ మేత, మళ్ళీ చీకటి, మళ్ళీ పెంకు. ఎంత బుద్ధిమంతురాలో చూడు!"

"ఎముకలు అయిపోతే మావయ్యా?"

"అయిపోతే నిలబడలేదు. అప్పుడు లారీ ఎక్కుతుంది."

ఒకనాడు జేబులోంచి టార్చి తీసి అరచేతి కింద పెట్టి వెలిగించారు. చెయ్యంతా ఎర్రగా మండుతున్నట్టు కనపడింది. "చూశావా, మాంసంలోంచి వెలుగు ఎలా దిగుతోందో. కోడి పుర్రె ఇంతకంటే పల్చన. కళ్ళు కట్టేసినా దానికి పొద్దు తెలుస్తుంది. గుడ్డి పెట్ట కూడా గుడ్డు మానదు."

పక్క మంచం మీంచి అత్తయ్య అంది: "అయితే నాకూ ఎంతో కొంత దిగుతుందేమోనండి."

"నీకెందుకే దిగడం? దిగితే గుడ్డు పెడతావా ఏంటి?"

గుమ్మంలో నిలబడ్డ కూలీలు నవ్వారు. అత్తయ్యకి పిల్లల్లేరు. ఆవిడా నవ్వింది, అందరూ నవ్వడం అయిపోయాక.

అత్తయ్యకి నీటికాసులు. చూపంతా పోయింది గానీ ఎండ నేరుగా మొహాన పడితే ఎర్రటి మసకలాంటిది తెలిసేది. ఆవిడ గదికి తూర్పున ఒక కిటికీ ఉండేది. పొద్దున్నే మంచం మీద అటు తిరిగి కూచుని, మొహం అటు ఎత్తి పెట్టి, ఆ మసక ఎరుపెక్కేదాకా ఉండేది. "వచ్చిందమ్మాయ్," అనేది. ఆ తర్వాతే కాఫీ. ఆవిడకున్న రోజంతా ఆ కిటికీలోంచి వచ్చేదే.

ఆ కిటికీ అవతల ఖాళీ స్థలంలో మావయ్య పిల్లపెట్టల షెడ్డు వేశారు. అలా ఇంకా గుడ్డుకి రాని పెట్టలకి సాయంత్రం వెలుగు పెరగకూడదు. పెరిగితే ఒళ్ళు ఎదక్కముందే గుడ్డు తోసుకొస్తుంది. అప్పుడు పెట్ట వెనకభాగం గుడ్డుతోపాటు బయటికి జారిపోతుంది. ఆ ఎరుపు కంటపడితే పక్క పెట్టలు ఊరుకోవు, పేగులు బయటికొచ్చేదాకా పొడుస్తాయి. రోజూ దీపాలు పెట్టాక మావయ్య నాకు చదువు చెప్పేది అత్తయ్య గదిలోనే, అక్కడి బల్బు కిందే. ఆ వెలుగు కిటికీలోంచి షెడ్డు మీద పడుతోందని ఆయన కనిపెట్టారు. మర్నాడు వడ్రంగి వచ్చి బయటినుంచి కిటికీకి రేకు వేసి పోయాడు. పైన బందులు, కింద కట్టడానికి తీగ. పిల్లపెట్టలు లేని నెలల్లో తీయించవచ్చని బందులు పెట్టించారు గానీ, తీయించింది లేదు.

"ఏవండీ, పొద్దున పూటన్నా తీయించండి," అని అత్తయ్య బతిమాలింది.

"నీకు కనపడదు కదే! కిటికీ ఉంటే ఏంటి, గోడ ఉంటే ఏంటి?"

కొన్నాళ్ళకే అత్తయ్యకి రోజు తప్పిపోయింది. అందరూ పడుకున్నాక లేచి స్నానానికి నీళ్ళు పెట్టమనేది. మధ్యాహ్నం పిలిచినా లేచేది కాదు. భోజనం వేళకి ఆకలి లేదనేది, అంట్లు తోమేశాక అన్నం అడిగేది. తిన్నది ఒంటపట్టేది కాదు. పంచదార ఫ్యాక్టరీ నుంచి గాలికి వచ్చే మడ్డి వాసన పట్టి ఏ నెలో చెప్పగలిగేది, అప్పుడు పగలో రాత్రో చెప్పలేకపోయేది. పనివాళ్ళు ఆవిడకి పిచ్చెత్తిందన్నారు. మావయ్య ఆ మాట కాదనలేదు.

కోళ్ళని చూడడానికి వచ్చే డాక్టరుగారు ఒకసారి వరండాలో కూచుని ఉంటే, అత్తయ్య గదిలోంచి కేకేసింది. "డాక్టరుగారూ, ఇప్పుడు పగలాండి, రాత్రాండి?"

ఆయన లోపలికెళ్ళి చూసి వచ్చి అన్నాడు: "ఒంట్లో ఒకటే గడియారం ఉండదండి. మెదడుది ఒకటి, లివర్‌ది ఒకటి, పేగులది ఒకటి. మెదడు వెలుగుని చూసి దిద్దుకుంటుంది, లివర్ తిండి వేళని చూసి దిద్దుకుంటుంది. ఈవిడకి ఆ కాస్త వెలుగూ పోయింది, అందుకని ఎవరి టైము వాళ్ళదైపోయింది. కిటికీ తెరవండి, అన్నం వేళకి పెట్టండి. సర్దుకుంటుంది."

"తిండితో కూడా దిద్దొచ్చంటారు?" అన్నారు మావయ్య.

"కొంతవరకు."

మావయ్య ఆ సగమే విన్నారు.

రేకు తెరిచింది నూకాలు. షెడ్డులో పెంట ఎత్తే మనిషి. బక్కగా, నల్లగా, గొంతు మాత్రం పెద్దది. మావయ్య పొద్దున్నే గుడ్ల లోడింగు దగ్గరికి వెళ్ళగానే ఆ గొంతు కిందికి దించుకుని కిటికీ దగ్గరికొచ్చి తీగ విప్పి రేకు ఎత్తి కర్ర పోటు పెట్టేది.

"అమ్మగారూ, పొద్దు పొడిచిందండి. ఇటు తిరగండి."

అత్తయ్య తిరిగేది. కాసేపటికి, "వచ్చిందే నూకాలూ," అనేది.

"నిన్న మబ్బేసింది కదండీ, ఇయ్యాల రెండింతలు తీసుకోండి. నాదేం పోయింది!"

"మీ అయ్యగారు చూస్తే నీ ఉద్యోగం పోతుందే."

"పెంట ఎత్తడం కూడా ఉద్యోగమేనాండీ? అది పోతే ఇంకోసోట ఇంకో పెంట."

ఎండ మళ్ళాక వచ్చి రేకు దించి తీగ కట్టేసి పోయేది. కొద్ది రోజుల్లో అత్తయ్య వేళకి నిద్రపోవడం, వేళకి ఆకలనడం మొదలైంది. బుగ్గల్లోకి కాస్త రంగు వచ్చింది. మావయ్య కనురెప్ప లాగి చూసి, "ఎరుపెక్కింది. వేళకి తిండి పెట్టించాను కదా," అని సంతోషపడ్డారు. నేను భగవంతుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఎవరివల్లనైతేనేం అనుకున్నాను.

ఆ ఏడు శివరాత్రికి నూకాలు పొద్దున రేకు ఎత్తి, అటునుంచి అటే పట్టిసీమ తీర్థానికి వెళ్ళింది. అక్కడ జ్వరం తగిలి, చుట్టాలింట్లో పడిపోయింది. చాలా రోజులు రాలేదు. రేకు అలాగే ఎత్తి ఉండిపోయింది. షెడ్డు గుమ్మం అవతలి వైపు, పగలు మావయ్యకి ఆ కిటికీ వైపు వచ్చే పని లేదు. చీకటి పడ్డాక లోపలినుంచి చూస్తే తెరిచిన కిటికీ, మూసిన కిటికీ ఒకేలా నల్లగా ఉంటాయి. మావయ్య రోజూ ఆ బల్బు కింద కూచుని నాచేత ఎక్కాలు చదివించారు. అత్తయ్య మాత్రం ఎవరూ పిలవకుండానే పొద్దున్నే అటు తిరిగి కూచునేది. ఆవిడ అంత ప్రశాంతంగా ఉండడం నేను మళ్ళీ చూడలేదు.

ఒక ఉదయం మావయ్య పిల్లపెట్టల షెడ్డులోంచి నన్ను పిలిచారు. ఆయన అరచేతిలో పిచిక గుడ్డుకి కాస్త పెద్దదిగా ఒక కోడిగుడ్డు, దానికి నెత్తురు చార. కాళ్ళ దగ్గర పొడిపించుకుని చచ్చిన పెట్టలు. అరుస్తారనుకున్నాను. నవ్వుతూ ఉన్నారు.

"ఇలా రా అమ్మాయ్. నీకో లెక్క. షెడ్డులో ఇన్ని వరసలున్నాయి. గుడ్డు పెట్టినవి ఏవి?"

"ఈ చివర వరసలోవి."

"ఈ వరసకి ఎదురుగా ఏముంది?"

"అత్తయ్య కిటికీ."

"ఏం తేలింది?"

"వెలుగు పడింది మావయ్యా."

"భేష్," అని నా తల నిమిరారు. "బళ్ళో వేసి ఉంటే ఇంత బుర్ర వచ్చేదా నీకు?"

ఆ వెలుగు ఏ బల్బుదో, రోజూ దాని కింద కూచున్నదెవరో ఆయన లెక్కలోకి రాలేదు.

నూకాలు ఇంకా నీరసం తగ్గకుండానే పనికి వచ్చింది. గేటు దగ్గరే ఆపారు.

"రేకు ఎవరు తీశారే?"

"నేనేనండి."

"ఎవడు తియ్యమన్నాడు?"

"ఎవరూ అన్లేదండి. మనిషికి పొద్దు తెలవాలి కదండీ."

"ఇక్కడ పొద్దు నేను వేస్తాను. నువ్వెవతివే వెయ్యడానికి?"

నూకాలు తలెత్తి అంది: "కోళ్ళకి వేసుకోండయ్యా. ఆయమ్మకి దేవుడేసింది ఉంది కదా."

పనిలోంచి తీసెయ్యడంతో ఆయన ఆగి ఉంటే బాగుండేది. ఆ చుట్టుపక్కల ఫారాలన్నిటికీ స్వయంగా వెళ్ళి, నూకాలు కోళ్ళని ఊడ్చిపెట్టే కొక్కెర తెగులు మోసుకు తిరుగుతోందని చెప్పొచ్చారు. తెగులు మాట వింటే ఏ కోళ్ళ ఫారం గేటూ తెరుచుకోదు. కాళ్ళు కడుక్కోవడానికి గేటు ముందు పెట్టే ఊదారంగు మందునీళ్ళ తొట్టె దాకా కూడా ఆవిణ్ణి రానిచ్చేవారు కాదట, దూరం నుంచే రాళ్ళు విసిరేవారట.

మరి అత్తయ్యకి. ముసలి పెట్టలు గుడ్డు తగ్గిస్తే వాటిని మోల్టింగ్‌కి పెడతారు. మేత ఆపేస్తారు, లైట్లు తీసేస్తారు, నీళ్ళు మాత్రం ఉంచుతారు. ఒళ్ళు కరిగి, ఈకలు రాలి, చచ్చేవి చావగా, మిగిలినవి కొత్త ఈకలు తొడిగి మళ్ళీ గుడ్డుకొస్తాయి. ఆ వారం మూడో షెడ్డు పెట్టల్ని మోల్టింగ్‌కి పెడుతున్నారు. కిటికీ రేకుకి తీగ విప్పేసి నాలుగు వైపులా మేకులు కొట్టించారు. బల్బు ఊడదీసి జేబులో వేసుకున్నారు. నా చదువు హాల్లోకి మారింది.

"తిండితో దిద్దొచ్చని డాక్టరే చెప్పాడు కదే," అని అత్తయ్యతో మెత్తగా అన్నారు. "నీ మంచికే. కొత్త ఈక వస్తుంది చూడు."

గది తాళం ఆయన మొల్లో ఉండేది. నేను తలుపు దగ్గర కూచునేదాన్ని. లోపలినుంచి అత్తయ్య గోడ తడుముతూ తిరగడం వినపడేది. తలుపు కింది సందులోంచి అటుకులు తోస్తానంటే, "వద్దు తల్లీ, నిన్నూ పంపించేస్తారు. నువ్వు చదువుకో," అంది. కొన్నాళ్ళు గడిచాక మావయ్యే మేత మళ్ళీ మొదలుపెట్టినట్టు పిడికెడు అన్నం కలిపి తీసుకెళ్ళారు. తలుపు తెరిచి ఉంది, నేను చూశాను. ఒళ్ళో పడుకోబెట్టుకుని, చిన్న చిన్న ముద్దలు చేసి, ఎంతో ఓపిగ్గా తినిపించారు. చీర చెంగుతో ఆవిడ మూతి తుడిచారు.

"ఏవండీ, ఇప్పుడు పొద్దాండి?" అనడిగింది అత్తయ్య.

"నేను తెస్తే పొద్దే."

మూడో షెడ్డు పెట్టలకి కొత్త ఈకలొచ్చాయి. అత్తయ్యకి ఉన్న జుట్టు దువ్వెనలోకి ఊడొచ్చింది. ఒకరోజు ఆ చీకట్లో నీళ్ళ చెంబు కోసం లేచి పడింది. అంత ఎత్తేం కాదు, మంచం మీంచి నేల మీదికి. తుంటి ఎముక పెంకులా చితికిపోయింది. మళ్ళీ లేవలేదు. పోయే ముందు మావయ్య వచ్చి కనురెప్ప లాగి చూశారు. "తురాయి తెల్లబడింది," అని వేళ్ళు పంచెకి తుడుచుకుని షెడ్డులోకి వెళ్ళిపోయారు. పిల్లపెట్టలకి మేత వేళయింది.

ఆవిడ పదకొండో రోజు కాగానే రేకు ఊడదీయించి మేత గది కప్పుకి వేయించారు. మంచి రేకు, ఊరికే పాడైపోతుందన్నారు. కిటికీలోంచి ఎండ వచ్చి ఖాళీ మంచం మీద పడింది.

ఆయన అక్కడితో నాకు చదువు మానిపించలేదు. నాకు పెళ్ళి చేసి పంపేదాకా చెప్పారు. చేతిరాత బాగుంటుందని నలుగురూ అంటే అది ఆయన పోలికే. అందుకు ఆయనకి రోజూ దణ్ణం పెడతాను. ఆ దణ్ణం అబద్ధం కాదు.

సత్తిబాబు కాఫీ తాగేసి లేస్తుంటే అడిగాను. "నూకాలని ఒకావిడ ఉండేది మీ ఊళ్ళో, పెంట ఎత్తేది. ఎక్కడుందో ఏమన్నా తెలుసా?"

"నూకాలెవరండి?" గ్లాసు కింద పెట్టాడు. "ఓ, తెగులు నూకాలా! ఎప్పుడో పోయిందండి. ఫారాల్లోకి రానిచ్చేవారు కాదు కదా, ఇటికల బట్టీలో మట్టి తొక్కేది. అక్కడే పోయిందన్నారు. మా అమ్మావాళ్ళు చిన్నప్పుడు మమ్మల్ని భయపెట్టేవారండి, అన్నం తినకపోతే తెగులు నూకాలొస్తదని." నవ్వుతూ చెప్పులు తొడుక్కుని లారీ ఎక్కాడు.

అతని తప్పేం లేదు. అతనికి తెలిసిన పేరు అదే.

మావయ్యని ఎవరూ మర్చిపోరు. ఆయన షెడ్లున్నాయి, వాటిని చూసుకోవడానికి ఆయన అన్నగారి కొడుకులున్నారు, దినకార్యానికి ఊరంతా వస్తుంది, రేపట్నుంచి టైమర్లు ఆయన పొద్దుని వేస్తాయి. అత్తయ్యకి నేనున్నాను, ఉన్నంతకాలం దీపం దగ్గర తలుచుకుంటాను. నూకాలు ఇంటిపేరేమిటో నాకు తెలియదు. పిల్లలున్నారో లేరో అడగలేదు. అందుకని ఇది చదివినవాళ్ళని ఒకటి అడుగుతున్నాను. పొద్దున్నే మీ ఇంట్లో తూర్పు కిటికీ తలుపు తీసినప్పుడు, ఎండ మొహాన పడినప్పుడు, ఒక్క క్షణం ఆవిణ్ణి తలుచుకోండి. ఆ పేరు ముందు మావయ్య తగిలించిన మాట తీసేసి, ఉత్త నూకాలని తలుచుకోండి.